మా అవ్వ జుట్టు, క్లబ్బు నీళ్ళు

మొన్న ఎండాకాలం సెలవులకు మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల. చెవుల కింది నుంచి చివరిదాకా జుట్టుకు వంకాయ రంగు వేయించుకుంది. వేయించుకున్నదేదో నాలుగు రోజులు కుదురుగా ఉంచుకోవద్దూ, ఈత నేర్చుకుంటానని వాళ్ళ అపార్టుమెంటు కొలనులో దిగిందట. వంకాయ కాస్తా వాడిన తోటకూర అయింది. అదే ఏడుపు దానికి. ఫోనులో ఎవరో అమ్మాయి చెబుతున్న వీడియో పెట్టి నాకు కూడా చూపించింది. కొలనులో దిగే ముందు మంచినీళ్ళతో తల బాగా తడపాలట, ఆపైన నూనె పట్టించాలట, టోపీ బిగించాలట, బయటికి రాగానే మళ్ళీ మంచినీళ్ళతో కడగాలట. చూస్తూ చూస్తూ నేను పడీ పడీ నవ్వాను. "ఈ పిల్ల ఇవాళ చెబుతోందే, మా అవ్వ నేను పదో తరగతిలో ఉన్నప్పుడే చెప్పింది" అన్నాను. మా వైపు అమ్మను అవ్వ అంటాం. మనవరాలు నన్ను ఎగాదిగా చూసి, "మీ అవ్వకు స్విమ్మింగ్ పూల్ ఎక్కడిది అమ్మమ్మా, మీరు బొగ్గు గనుల కాడ కదా ఉండింది" అంది. ఒళ్ళు మండింది నాకు. బొగ్గు గనుల కాడ ఉంటే మాత్రం? అందుకే ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

మా అవ్వ పేరు పోశవ్వ. గోదావరి ఒడ్డు ఊరి బెస్తోళ్ళ బిడ్డ. నడక రాకముందే నీళ్ళు వచ్చాయని మా అమ్మమ్మ చెప్పేది. పెళ్ళయ్యాక మా నాయనతో గోదావరిఖని వచ్చింది. మా నాయన బాయిలో పనిచేసేవాడు. అక్కడ గనిని బాయి అనే అంటారు. బాయికి పోయిండు, బాయి నుంచి వచ్చిండు. ఒక రోజు పోయినవాడు రాలేదు, పైకప్పు కూలింది. నాకప్పుడు ఐదేళ్ళు. నా కంటే ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు కాబట్టి మిగిలింది మా అవ్వా నేనే. ఆయన బదులు అవ్వకు కంపెనీ నౌకరి ఇచ్చారు. ఇచ్చేటప్పుడు కాగితాలు రాసే గుమస్తా వయసెంత అని అడిగాడు. మా అవ్వకు ఎట్లా తెలుస్తుంది? "మీరే రాయుర్రి సారూ" అంది. ఆయన తలెత్తి మా అవ్వ తల చూశాడు. మా అమ్మమ్మ వైపు వాళ్ళందరికీ పాతికేళ్ళు దాటకుండానే నెరుస్తుంది, అది వాళ్ళ ఒంట్లో ఉంది. ముప్పై రెండేళ్ళ మా అవ్వ తల అప్పటికే పత్తి చేను. గుమస్తా 'యాభై' అని రాశాడు. మా అవ్వ వేలిముద్ర వేసింది. అంతే, ఒక్క చూపుకు పద్దెనిమిదేళ్ళు మీదపడ్డాయి.

మొదట్లో ఆఫీసర్ల క్లబ్బులో ఊడ్చే పని ఇచ్చారు. ఆ క్లబ్బు వెనక ఒక ఈతకొలను ఉండేది. నీలం రంగు పలకలు పరిచి, చుట్టూ బోగన్‌విల్లా తీగలు పెంచి, దొరసానులకూ పిల్లలకూ మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా వేరే వేళ పెట్టారు. ఒకరోజు ఎవరో చిన్నపిల్ల కాలి పట్టీ ఊడి లోతు వైపు పడిపోయింది. తీసే మగవాళ్ళకు ఆ వేళ లోపలికి రావడానికి లేదు. ఊడుస్తున్న మా అవ్వ చీపురు గోడకు ఆనించి, చీర గోచీ పోసి బిగించి, దూకింది. అడుగున పట్టీ వెతికి తెచ్చి ఆ పిల్ల కాలికి తనే పెట్టింది. దొరసానులు ముక్కు మీద వేలేసుకున్నారట. వారం తిరగకుండా మా అవ్వను ఆడవాళ్ళ వేళకు ఆయాగా వేశారు. ఆయా అనడమేగానీ, చేసింది ఈత నేర్పే పని. చేతులు చాచి దొరసానుల నడుములు పట్టుకుని "కాళ్ళు కొట్టుర్రి, బుగులు పడకుర్రి, నేనున్న కద" అనేదట. పెద్ద మేనేజరు భార్యను కూడా అట్లాగే అనేది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండిపోతుంది.

మా క్వార్టరు రెండు గదులది, ముందొక వాకిలి. సాయంత్రం అయిందంటే వరసంతా బొగ్గు పొయ్యిలు బయట పెట్టి రాజేసేవాళ్ళు, ఆ పొగకు ఎదుటి క్వార్టరు కంటికి కనిపించేది కాదు. ఆ పొగలోంచి మా అవ్వ నడిచి వస్తుంటే మనిషి కంటే ముందు బ్లీచింగ్ పొడి వాసన వచ్చేది. ఆమె చీరెలో, చేతుల్లో, చివరికి కలిపి పెట్టే అన్నం ముద్దలో కూడా ఆ వాసన ఉండేది. నాకు అది అవ్వ వాసన. మాతోపాటే మా రాజన్న మామ, అవ్వకు తమ్ముడు, ఉండేవాడు. ఆయనది బాయిలో బొగ్గు నింపే పని. షిఫ్టుకు పోయే ముందు రోజూ ఒకటే తంతు. రెండు చెంబుల నీళ్ళు తల మీద గుమ్మరించుకుని, తుడుచుకోకుండానే ఆముదం దోసెట్లో పోసుకుని నెత్తికీ మెడకూ చెవుల వెనకా పట్టించి, పాత గుడ్డ తలకు బిగించి కట్టేవాడు. అట్లా పోతే బొగ్గు దుమ్ము నూనె మీదే కూర్చుంటుంది, లోపలికి దిగదు. పట్టించకుండా పోయినవాడి తల మూడు రోజులు కడిగినా నల్లటి నీళ్ళే. ఆయన బాయి బట్టలు మాత్రం మామూలు సబ్బుకు లొంగేవి కావు. ఇనుప డ్రమ్ములో నీళ్ళు మరగబెట్టి, చారెడు చాకలి సోడా వేసి, కట్టెతో తిప్పుతూ ఉడికించాలి. ఆ పని నాది. సోడా పడగానే మురికి నల్లగా కక్కుతుంది, చూడ్డానికి భలే ఉండేది.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు, మా అవ్వకు కంపెనీ నుంచి కాగితం వచ్చింది. చదివింది నేనే. అరవై ఏళ్ళు నిండుతున్నాయి కాబట్టి ఏడాది చివరికి దిగిపోవాలని, క్వార్టరు ఖాళీ చేయాలని. వయసు మీద తకరారు ఉంటే అర్జీ పెట్టుకోవచ్చు, డాక్టర్ల బోర్డు చూసి తేలుస్తుంది. మా అవ్వకు అసలు వయసు నలభై రెండు. నౌకరి పోతే క్వార్టరు పోతుంది, క్వార్టరు పోతే నా చదువు పోతుంది, మామ సంపాదన ఆయన పెళ్ళాం బిడ్డలకు ఊళ్ళోనే సరిపోదు. అవ్వ ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంక పద్దెనిమిదేండ్ల నౌకరి ఉన్నది నాకు. ఎవనికి ఇడిచిపెడుత?" అంది. మామకు కోపం ఆగలేదు. "నాకు ముప్పై తొమ్మిదని రాసిన్రు, నా కన్న మూడేండ్లు పెద్దదానికి అరవై రాసిన్రు. మా అవ్వ ఇరవయ్యొక్క ఏండ్లకు ఒకల్ని కన్నదా ఏంది!" అని వాకిట్లో నిలబడి ఊరందరికీ వినిపించేట్టు అరిచాడు. అర్జీ నేనే రాశాను. నా చేతిరాత అప్పట్లో ముత్యాల్లా ఉండేది, చెప్పుకుంటే తప్పేంటి.

అర్జీ తీసుకుపోయిన యూనియన్ ఆయన వెనక్కి వచ్చి ఒక సంగతి చెప్పాడు. "పోశక్కా, బోర్డుల డాక్టర్లు ముందుగాల తలకాయ చూస్తరు. నీ తల జూస్తే అరవై కాదు, డెబ్బై రాస్తరు. ఏమన్న చెయ్యి." ఏం చేయాలో చెప్పింది పక్క క్వార్టరు జైతూన్ ఖాలా. ఆమె భర్త వర్క్‌షాపులో మెకానిక్కు. ఇంట్లో దక్ఖినీ ఉర్దూ, మాతో తెలుగు, తొందరలో రెండూ. "అరే పోశవ్వా, ఫికర్ నక్కో. మా అమ్మీజాన్ డెబ్బై ఏండ్లకు గూడ నల్లగనే ఉండె" అంది. ఇనుప మూకుట్లో టీ డికాషన్ పోసి గోరింటాకు ముద్ద రాత్రంతా నానబెట్టింది. మర్నాడు అది తలకు పెట్టి, కడిగి, ఆపైన నీలిమందు పొడి గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పట్టించింది. ముందు గోరింట ఎరుపు ఎక్కాలి, దాని మీద నీలి కూర్చోవాలి, రెండూ కలిస్తే నలుపు. తల కడిగి ఆరబెట్టుకుని మా అవ్వ అద్దంలో చూసుకుంది. నేను నోరు వెళ్ళబెట్టాను. నాకు తెలిసినప్పటి నుంచీ మా అవ్వ ముసలిదే. ఆ రోజు మొదటిసారి నాకు మా అవ్వ పడుచుగా కనిపించింది. "ఏందే గట్ల చూస్తున్నవ్, నేనే" అంది సిగ్గుపడుతూ.

ఆ సంబరం వారం రోజులు. మధ్యాహ్నం మూడు గంటలకు కొలనులో దిగేది కదా, ఆ బ్లీచింగ్ నీళ్ళు నీలిని తినేశాయి. నీలి పోతే కింద గోరింట మిగిలింది. మా అవ్వ తల ఇటుక బట్టీ అయింది. ఖాలా తల పట్టుకుంది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పోయింది. పెట్టిన కొద్దీ జుట్టు పీచులా తయారయింది. బోర్డు ఎప్పుడు పిలుస్తుందో తెలియదు, ఇవాళ పిలవచ్చు, ఆరు నెలలకు పిలవచ్చు. పిలిచిన రోజు తల నల్లగా ఉండాలి. పోనీ డ్యూటీకి సెలవు పెడదామంటే, ముసల్ది అయింది, నీళ్ళలో దిగలేకపోతోంది అనేస్తారు. అదే రుజువు అయి కూర్చుంటుంది. నీళ్ళలో దిగకపోతే నౌకరి పోతుంది, దిగితే రంగు పోయి నౌకరి పోతుంది. ఖాలా అయితే "ఆ నీళ్ళల్ల షైతాన్ ఉన్నడు" అని తేల్చేసింది.

మా అవ్వ ఏం చేసిందో చెబుతాను, మా మనవరాలు ప్రత్యేకంగా వినాలి. మా ఇళ్ళలో ఆడవాళ్ళు తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలు పారేయరు. ఉండ చుట్టి గోడ సందులో దాస్తారు, సవరం కట్టించుకోవడానికి. మా అవ్వ ఆ తెల్లటి ఉండ తీసింది. ఖాలా చేత దానికి కూడా గోరింట, నీలిమందు పట్టించింది. ఎండాక నాలుగు పాయలు చేసి దారాలు కట్టింది. క్లబ్బు నుంచి ఒక సీసాలో కొలను నీళ్ళు తెచ్చి నాలుగు గ్లాసుల్లో పోసింది. ఒక పాయ ఉత్తదే ముంచింది. ఒకదాన్ని మంచినీళ్ళతో తడిపి ముంచింది. ఒకదానికి ఆముదం రాసి ముంచింది. నాలుగోది మంచినీళ్ళలో నానబెట్టి, పిండి, ఆపైన ఆముదం పట్టించి ముంచింది. నాలుగూ కిటికీలో పెట్టి, రోజూ పాత నీళ్ళు పారబోసి కొత్తవి పోసేది. ఏ గ్లాసు ఏదో గుర్తుకు దారాల రంగులు. నాలుగో రోజుకు ఉత్త పాయ ఇటుక రంగుకు వచ్చింది. తడిపినది కాస్త నయం, నూనెది ఇంకా నయం. తడిపి నూనె పట్టించినది నల్లగా నిగనిగలాడుతోంది. మా అవ్వ దాన్ని వేలికి చుట్టుకుని మామకు చూపించి "ఇది నీ బాయి తంతే రా తమ్మీ. మంచినీళ్ళు తాగిన జుట్టు మురికి నీళ్ళు తాగది" అంది. తర్వాత నేను ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పాను. ఎన్నో ప్రయోగాలు చేయించాను పిల్లలచేత. ఒక్క సంగతి తప్ప మిగతావన్నీ సమానంగా ఉంచి పరీక్షించాలని నాకు నేర్పింది మాత్రం చదువురాని మా అవ్వే. ఇది గర్వం కాకపోతే మరేమిటి?

టోపీ సంగతి మామ చూశాడు. ఊరి నుంచి యూరియా సంచి లోపల ఉండే ప్లాస్టిక్కు తెచ్చి తలకు సరిపడా కత్తిరించాడు. దాని అంచు నుదుటి మీద, మెడ వెనక బిగిసి ఉండడానికి పాత సైకిలు ట్యూబు పట్టీ కోశాడు. మా అవ్వ దినచర్య మారిపోయింది. క్లబ్బుకు పోగానే కుళాయి కింద తల నిండా తడుపుకునేది. ఆముదం దట్టించి, ముడి వేసి, గుడ్డ చుట్టి, దానిమీద ప్లాస్టిక్కు, దానిమీద ట్యూబు. బయటికి రాగానే మళ్ళీ కుళాయి. దొరసానుల పిల్లలు "యూరియా ఆయా" అని నవ్వారట. నవ్వనీ అంది. నెల తిరిగింది, రంగు చెక్కు చెదరలేదు, కొత్తగా నెరిసిన మొదళ్ళకు ఖాలా పైపైన అద్దితే చాలు. అప్పుడు నవ్వినవాళ్ళ తల్లులే మెల్లమెల్లగా దగ్గరికి చేరారు. ఆ నీళ్ళకు వాళ్ళ జుట్లు కూడా పీచు తేలుతున్నాయి కదా. ఒక్కొక్కరినీ కుళాయి కింద వంచి, తడిపి, నూనె పెట్టి, గుడ్డ చుట్టి నీళ్ళలోకి పంపేది. తలుపు వేసి ఉన్న ఆ కుళాయి గదిలో ఎవరి తల ఏమిటో మా అవ్వ ఒక్కదానికే తెలుసు. నాకు ఉబలాటం ఆగేది కాదు. "అవ్వా, వాళ్ళల్ల ఎవరెవరికి రంగున్నది, చెప్పవే" అని వెంట పడేదాన్ని. "నీకెందుకే? మంది తలకాయలు మన ఇంట్లకెందుకు" అని పొయ్యి దగ్గరికి పోయేది. ఇప్పుడు బజారులో పసుపు రంగు సీసాలో ఈతగాళ్ళ షాంపూ అమ్ముతున్నారు, దాని ధర విని గుటక మింగాను. మేమున్న క్వార్టర్ల వరస కూడా ఇప్పుడు లేదు, ఓపెన్‌కాస్టు తవ్వకం వచ్చి అంతా తీసేశారు. ఆముదం మాత్రం ఇప్పటికీ కోమటి కొట్లో దొరుకుతుంది.

వానాకాలం వెళ్ళాక బోర్డు నుంచి పిలుపు వచ్చింది. ఫలానా రోజు పొద్దున పది గంటలకు దవాఖానకు రావాలి, అర్జీ రాసినవాళ్ళు ఉంటే వెంట తెచ్చుకోవచ్చు. అవ్వ తల నల్లగా ఉంది, భయం లేదు. కానీ నెలల తరబడి ఆముదం పట్టించిన తల, ముట్టుకుంటే చేయి జారేది, వాసన కూడా. డాక్టర్లు ముట్టుకుంటారు కదా, శుభ్రంగా ఉండాలని నాకు తోచింది. ఆ పొద్దున నేనే తలంటుతానని పీట వేశాను. కుంకుడు రసం పోశాను, నురగే రాలేదు. మళ్ళీ పోశాను, ఆముదం అట్లాగే అంటుకుని ఉంది. టైము అవుతోంది. పక్కనే మామ బట్టలకు మరగబెట్టిన డ్రమ్ము కనిపించింది. బాయి మురికినే కక్కించే సోడా, ఇంత నూనెను తీయదా అనుకున్నాను. అవ్వ కళ్ళు మూసుకుని ఉంది. వేడినీళ్ళ చెంబులో చారెడు సోడా కలిపి రెండుసార్లు పోసి గట్టిగా రుద్దాను. నల్లటి నీళ్ళు కాలువ కట్టి పోతుంటే, మురికి ఎంత బాగా వదులుతోందో అని మురిసిపోయాను కూడా. ఎండలో జుట్టు ఆరుతుంటే తెలిసింది వదిలింది మురికి కాదని. పైన ఇటుక ఎరుపు, మొదళ్ళ దగ్గర తెలుపు, అక్కడక్కడా నల్ల చారలు. ఇన్ని నెలలు కొలను నీళ్ళకు లొంగని రంగును నా చేతులతో నేనే, పావుగంటలో కడిగేశాను.

నేను ఏడవడం మొదలుపెట్టాను. మళ్ళీ పెట్టడానికి గోరింటకు ఒక రాత్రి, నీలికి ఒక పూట కావాలి, మా చేతిలో గంటన్నర కూడా లేదు. మామ బూటు పాలిష్ డబ్బా పట్టుకొచ్చాడు. "ఎండకు కారి చెంపల మీదికొస్తది, నన్ను జోకర్ని చేస్తవా?" అని అవ్వ తోసేసింది. ఖాలా పరుగున వచ్చి "నా బురఖా ఏసుకొని పోవే, మొకం ఒక్కటే చూపియ్యి" అంది. అంత ఏడుపులోనూ మామకు నవ్వు వచ్చింది. అవ్వ అద్దం తీసుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. నన్ను తిడుతుందని, కొడుతుందని ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది. "బాయి బట్టలు మంచిగనే ఉతుకుతవ్ బిడ్డా" అని మాత్రం అని, దువ్వెన అందుకుని ముడి వేసుకుంది. కొంగు తల మీదికి లాక్కుని, "నడువ్, టైమైతున్నది. ఏడ్చిన మొకంతోని పోతే తప్పు జేసినోళ్ళ లెక్క కనిపిస్తం" అంది.

దవాఖాన గదిలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో పెద్ద డాక్టరు, కుడిపక్క ఆఫీసు మనిషి, ఎడమపక్క లేడీ డాక్టరమ్మ. ఆమె రోజూ క్లబ్బు కొలనుకు వచ్చే మనిషని నాకు తెలుసు, మా అవ్వ దగ్గరే ఈత నేర్చుకుంది. నల్లటి పెద్ద ముడి, ఖంగుమనే గొంతు. అవ్వ ఆమె వైపు చూడనే లేదు. ముగ్గురికీ కలిపి ఒకటే దండం పెట్టింది. పెద్ద డాక్టరు నేను రాసిన అర్జీ చదివి, తలెత్తి, "కొంగు తీయమ్మా" అన్నాడు. అవ్వ తీసింది. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"రంగు వేసుకున్నావా?"

"ఏసుకున్న సారూ."

"ఎందుకు?"

"అప్పుడు తలకాయ జూసే యాభై రాసిన్రు. ఇప్పుడు గూడ తలకాయే చూస్తరని ఏసుకున్న."

ఆఫీసు మనిషి పెన్ను కింద పెట్టాడు. "చూశారా సార్, వయసు దాచడానికి ఇంత దాకా వస్తారు వీళ్ళు" అన్నాడు. పెద్ద డాక్టరు అవ్వ వైపే చూస్తూ, "ఇది మోసం కాదా?" అన్నాడు.

"రంగు మోసమే సారూ. వయసు మోసం కాదు" అంది మా అవ్వ. రంగు కడిగింది నేనే, మా అవ్వ తప్పు లేదు అని అరవాలనిపించింది నాకు. ఆయన ఏదో రాయబోయాడు. రాస్తే అయిపోయినట్టే. అప్పుడు లేడీ డాక్టరమ్మ లేచింది. "ఒక్క నిమిషం సార్" అని మా అవ్వను పక్కనున్న తెర వెనక్కి తీసుకుపోయింది. లోపల ఏవో చిన్న గొంతు మాటలు. మా అవ్వ సిగ్గుపడుతూ "అవునమ్మా" అనడం వినిపించింది. బయటికి వచ్చి డాక్టరమ్మ నిలబడే మాట్లాడింది.

"సార్, ఈమెకు నెలసరి ఇంకా వస్తోంది. నేను మూడేళ్ళుగా చూస్తున్నాను, ప్రతి నెలా మూడు రోజులు ఈమె నీళ్ళలోకి దిగదు, ఒడ్డు మీద నిలబడి చెబుతుంది. అరవై ఏళ్ళ మనిషికి ఇది ఉంటుందా?"

"అది సరే డాక్టర్, మరి ఆ జుట్టు?" అన్నాడు ఆఫీసు మనిషి.

డాక్టరమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టి తన ముడిలోంచి పిన్నులు తీసింది. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. జుట్టు విప్పి, పాపిట విడదీసి, తల వంచి పెద్ద డాక్టరుకు చూపించింది. మొదళ్ళ దగ్గర వేలెడు మందం తెలుపు.

"నాకు ఇరవై ఆరో ఏటే నెరిసింది సార్. ఇప్పుడు ముప్పై ఏడు. నా తల చూసి మీరు నాకెంత రాస్తారు? నా రంగు ఆ నీళ్ళలో పోకుండా ఇన్నాళ్ళూ కాపాడింది ఈ పోశవ్వే."

పెద్ద డాక్టరు మా అవ్వ పళ్ళు చూశాడు, ఎక్స్‌రేకు పంపాడు, మామ కాగితాలు తెప్పించాడు. అంతా అయ్యేసరికి రెండు గంటలు పట్టింది. చివరికి నలభై రెండు అని రాసి సంతకం పెట్టాడు. మిగతా ఇద్దరూ పెట్టారు. మా అవ్వ ఈసారి వేలిముద్ర వేయలేదు. నేను నేర్పిన మూడు అక్షరాలతో, వంకరటింకరగా, పోశవ్వ అని తనే రాసింది. అవి నాలుగయ్యాయి, మధ్యలో ఒకటి రెండుసార్లు రాసింది.

బయటికి వచ్చాక బజారు మీదుగా నడిచాం. అవ్వ నేరుగా పోయి మూలికలమ్మే పసారీ కొట్లో నీలిమందు అడిగింది. "ఇంకా ఎందుకవ్వా, పని అయిపోయింది కద" అన్నాను. "కాయితం మీద నలభై రెండు రాసిన్రు. తల మీద గూడ గంతే కనబడాలె కద" అని నవ్వింది. పొట్లం కొంగున కట్టుకుని నడుస్తోంది. నేను అంగలేసి పక్కకు చేరాను.

"అవ్వా, డాక్టరమ్మ జుట్టుకు రంగని నీకు ముందే తెలుసు కదా?"

"తెల్వకేం. రోజూ నా చేతులతోనే చుడుత."

"మరి ఆయన మోసం అన్నప్పుడు ఎందుకు చెప్పలేదే? ఒక్క మాట అంటే అయిపోయేది కదా. ఆమె లేవకపోతే ఏమయ్యేది? నౌకరి పోయేది, క్వార్టరు పోయేది, నా చదువు పోయేది!" నాకు మళ్ళీ ఏడుపు వచ్చింది.

మా అవ్వ ఆగింది. నా ముఖం కొంగుతో తుడిచింది. ఆ కొంగుకు ఆ రోజు కూడా బ్లీచింగ్ వాసనే.

"నా నౌకరి నిలబెట్టుకునుటానికి ఆమె కొప్పు నేనెట్ల ఇప్పుత బిడ్డా? ఆమెనే ఇప్పుకున్నది. అది ఆమె పెద్దతనం" అంది. "జల్ది నడువ్, మూడు గంటలకు నాకు డ్యూటీ ఉన్నది."